యాక్సెస్ ఫైలు: తప్పు కోడ్‌లో ఉండదు

సంపాదకులకు నమస్కారం.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైలును వెబ్ అప్లికేషన్‌కు కలిపేటప్పుడు చాలామంది 'ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్' అనే ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంటారు. ప్రొవైడర్ అంటే ఆ ఫైలును చదివి రాసే డ్రైవర్ లాంటిది. పాత జెట్ 4.0 ప్రొవైడర్ 32 బిట్‌లోనే ఉంది. విండోస్ వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్‌లో మన అప్లికేషన్‌ను నడిపే అప్లికేషన్ పూల్ 64 బిట్‌లో ఉంటే దానికి ఆ ప్రొవైడర్ కనిపించదు. పూల్ సెట్టింగుల్లో 32 బిట్ అప్లికేషన్లను అనుమతించాలి, లేదా పూల్ బిట్‌కు సరిపడే ఏసీఈ (జెట్ తర్వాత వచ్చిన) ప్రొవైడర్ వేసుకోవాలి.

అంతకన్నా విసిగించేది ఇంకోటుంది. డేటా చక్కగా కనిపిస్తుంది, సేవ్ చేయబోతే 'ఆపరేషన్ మస్ట్ యూజ్ యాన్ అప్‌డేటబుల్ క్వెరీ' అంటుంది. క్వెరీని, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాన్ని, ఎన్నిసార్లు తిరగరాసినా లాభం ఉండదు. ఫైలు తెరవగానే దాని పక్కనే అదే పేరుతో ఒక లాక్ ఫైలు పుడుతుంది. అందుకే పూల్ నడిచే విండోస్ ఖాతాకు ఫైలు మీదే కాదు, ఆ ఫోల్డర్ మీద కూడా మాడిఫై (మార్పులు చేసే) అనుమతి కావాలి. తొందరపడి 'ఎవ్రీవన్'కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేయడం మాత్రం దయచేసి వద్దు.

మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్ నెట్‌లో అయితే ఫైలును యాప్_డేటా ఫోల్డర్‌లోనే ఉంచండి. సైట్‌లో వేరేచోట వదిలేస్తే లింకు తెలిసినవాళ్లు మొత్తం ఫైలునే డౌన్‌లోడ్ చేసుకునే ప్రమాదం ఉంది. పని కాగానే కనెక్షన్ మూసేయాలి. ఫైలు పరిమితి 2 జీబీ. ఒకేసారి రాసేవాళ్లు పెరిగితే అంతదాకా రాకముందే లాకుల గొడవ మొదలవుతుంది. అప్పుడిక సర్వర్ డేటాబేస్‌కు మారాల్సిందే.

– ఒక వెబ్ డెవలపర్