పక్క క్లాసు పిల్లల గురించి ఇంట్లో ఏం మాట్లాడుతున్నాం?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పద్యాల పోటీ వివరాలు క్లాస్ టీచర్లు విడిగా పంపుతారు. ఈసారి వేరే విషయం రాయాలనిపించింది.

శనివారాలు మన తెలుగు బడి కోసం అద్దెకు తీసుకునే ఈ హైస్కూల్లో ఒక గది తలుపు మీద, తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా తప్పినవాళ్లకు క్రెడిట్ రికవరీ క్లాసులు (తప్పిన సబ్జెక్టును మళ్లీ చదివి గట్టెక్కేవి) అని నోటీసు ఉంటుంది. మొన్న ఒక నాన్నగారు అది చదివి, "ఇవి మన పిల్లలకు కాదులెండి" అన్నారు. పక్కనే వాళ్లబ్బాయి ఉన్నాడు. ఆయన చెడు ఉద్దేశంతో అనలేదని తెలుసు. కానీ ఆ మాట పిల్లాడి మనసులో ఎలా నాటుకుంటుందోనని నాకు బెంగ.

లెక్కలు చూస్తే ఆయన అన్నది నిజమే అనిపిస్తుంది. 2021లో అమెరికాలో 16 నుంచి 24 ఏళ్ల వాళ్లలో హైస్కూల్ పూర్తి చేయకుండా చదువు మానేసినవాళ్లు 5.2 శాతం. ఏషియన్లలో 2.1, తెల్లవాళ్లలో 4.1, నల్లజాతివాళ్లలో 5.9, స్పానిష్ భాషా మూలాలున్న హిస్పానిక్ కుటుంబాల్లో 7.8, ఇక్కడి ఆదివాసులైన నేటివ్ అమెరికన్లలో 10.2.

ఆ 2.1 మన పిల్లల తెలివికి ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్ కాదండీ. మనలో ఎక్కువమందిమి డిగ్రీలు పూర్తయ్యాకే ఇక్కడికి విమానం ఎక్కాం. మనకు వీసా ఇచ్చిందే ఆ చదువు చూసి. అదే ఏషియన్ అనే గడిలో ఉన్న బర్మా శరణార్థుల పిల్లల్లో చదువు మానేసేవాళ్లు చాలా ఎక్కువ. హిస్పానిక్ పిల్లల్లో 2010లో 16.7 శాతం ఉన్నది పదకొండేళ్లలో సగానికన్నా తక్కువకు దిగింది. పుట్టుకే కారణమైతే అంత తొందరగా తగ్గుతుందా?

నేటివ్ అమెరికన్ల సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో వాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం ఒక బోర్డింగ్ స్కూల్ తెరిచింది. పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, అమ్మభాష మాట్లాడితే శిక్షించారు. తర్వాత అలాంటివి దేశమంతా వచ్చాయి. పిల్లలకు తెలుగు అబ్బాలని వారం వారం ఇంత దూరం కారులో తీసుకొస్తున్న మనకు, బడి అంటే ఆ కుటుంబాలకు ఎందుకు భయమో వేరే చెప్పాలా?

చదువు ఆగిపోయే ప్రమాదం తొమ్మిదో తరగతిలోనే కనిపిస్తుంది. షికాగో యూనివర్సిటీ వాళ్లు 2005లో తేల్చింది ఏమిటంటే, ఆ ఏడాది ముఖ్యమైన సబ్జెక్టుల్లో దాదాపు ఫెయిలవకుండా గట్టెక్కిన పిల్లలు, వెనకబడినవాళ్లకన్నా మూడున్నర రెట్లు ఎక్కువగా నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తి చేస్తారని.

అందుకే ఈ హైస్కూల్లో పిల్లలకు చదువు విషయంలో సలహాలిచ్చే కౌన్సిలర్‌తో మాట్లాడాను. మన పది, పదకొండు తరగతుల పిల్లలు తెలుగు క్లాసు అయ్యాక గంటసేపు లైబ్రరీలో తొమ్మిదో తరగతి వాళ్లతో కూర్చుని ఆల్జీబ్రా చేయించడానికి కౌన్సిలర్ ఒప్పుకున్నారు. మీ పిల్లలు వస్తామంటే వచ్చే శనివారంలోగా క్లాస్ టీచర్‌కి పేరు ఇవ్వండి. ఆ రోజుల్లో పికప్‌కి మీరు గంట ఆలస్యంగా రావాల్సి ఉంటుంది.

మీ
ప్రిన్సిపాల్