గుడ్డ టాప్ ఇక అదే రోజు తిరిగి ఇవ్వలేం

నమస్కారం. ఈసారి ఆఫర్ గురించి కాదు, మా వల్ల జరిగిన ఒక తప్పు గురించి రాస్తున్నాను.

"పొద్దున బండి ఇవ్వండి, సాయంత్రం తీసుకెళ్లండి" అని ఇన్నాళ్లూ మేమే గొప్పగా చెప్పుకున్నాం. గుడ్డ టాప్ ఉన్న కన్వర్టిబుల్ కార్లకు, అంటే పైకప్పు మడిచి వెనక్కి నెట్టే బండ్లకు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్లీనింగ్, వాటర్‌ప్రూఫింగ్ రెండూ చేయాలంటే బండి మా దగ్గర రెండు రాత్రులు ఉండాలి. ముసురు పట్టిన రోజుల్లో అసలు తీసుకోం.

విషయం ఏమిటంటే, మేం చేసిన ఒక నల్ల టాప్ మూడు వారాలు తిరక్కుండానే వెనక్కి వచ్చింది. ఇచ్చిన రోజు దాని మీద నీళ్లు పోస్తే తామరాకు మీద పోసినట్టే జారిపోయాయి. బండి యజమాని సంతోషంగా ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నారు. తీరా రెండు వర్షాలకే గుడ్డ తడిసి ముద్దవుతోంది, వెనక అద్దం పైనున్న కుట్టు వెంట తెల్లటి చారలు కనిపిస్తున్నాయి. ఆయన ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అని ఉంటే నాకే కాస్త తేలికగా ఉండేది. ఆ చోట ఒక మగ్గు నీళ్లు పోసి, బ్రష్‌తో నాలుగుసార్లు రుద్దాను. నురగ వచ్చింది. నేను పోసింది ఒట్టి నీళ్లు. ఆ నురగ మూడు వారాల క్రితం మేం వాడిన సబ్బుది.

ఆ రోజు మా కుర్రాడు చెప్పాడు, "అన్నా, కుట్ల దగ్గర ఇంకా చెమ్మగానే ఉంది" అని. ఆరు గంటలకు బండి ఇస్తానని మాట ఇచ్చేశానన్న టెన్షన్‌లో, బ్లోయర్ ఆడించి స్ప్రే కొట్టేయమన్నాను. కాబట్టి తప్పు వాడిది కాదు, నాది.

సబ్బు చేసే పనే నీళ్లు గుడ్డలోకి ఇంకేలా చేయడం. మేం తర్వాత కొట్టే ద్రవం చేయాల్సిన పని నీళ్లను గుడ్డలోకి రానీయకపోవడం. సబ్బు మిగిలిన గుడ్డ మీద ఆ ద్రవం కొడితే అది దారాన్ని పట్టుకోదు, సబ్బును పట్టుకుంటుంది. వాన పడగానే సబ్బు కరిగిపోతూ దాన్ని కూడా వెంటబెట్టుకుని పోతుంది. చెమ్మ సంగతీ అంతే. దారంలో అప్పటికే నీళ్లుంటే ద్రవానికి అక్కడ చోటుండదు. పైపైన ఆరి, సాయంత్రం చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. మా బోర్డు మీద "వాటర్‌ప్రూఫింగ్" అని ఉంది గానీ, మేం చేసేది సరిగ్గా అది కాదు. ఈ టాపుల్లో ఎక్కువ భాగం మూడు పొరలవి. పైన అక్రిలిక్ లేదా పాలియెస్టర్ దారంతో నేసిన గుడ్డ, మధ్యలో బ్యూటైల్ రబ్బరు, లోపల లైనింగ్. నీళ్లు మీ తల మీద పడకుండా ఆపేది మధ్యనున్న రబ్బరు. మేం కొట్టే స్ప్రే పై గుడ్డ తడవకుండా చూస్తుంది, అంతే. మరి అదెందుకు అంటారా? తడి గుడ్డకు దుమ్ము పట్టుకుంటుంది, నీడలో ఉంచే బండికైతే పాచీ బూజూ పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం కుట్లు. సూది దిగిన ప్రతిచోటా రబ్బరుకు కూడా చిల్లు పడి ఉంటుంది. దారం తడిగా ఉంటే, వత్తి నూనెను పీల్చినట్టు ఆ చిల్లుల గుండా నీటిని లోపలికి లాగుతుంది. గుడ్డ బాగానే ఉండి కుట్టు దగ్గర మాత్రమే కారే టాపులు ఉన్నాయంటే కారణం ఇదే.

ఇక రెండో తప్పు. డ్రైవర్ కాళ్ల కింద కార్పెట్ తడుస్తోందని ఒకావిడ బండి తెచ్చారు. టాపే కారుతోందని ఆవిడ అనుకున్నారు, మేమూ అదే అనుకున్నాం. శుభ్రంగా టాప్ చేసి, డబ్బులు తీసుకుని పంపాం. తర్వాతి వానకు కార్పెట్ మళ్లీ తడిసింది. టాప్ మీద నుంచి జారిన నీళ్లు అంచుల్లో ఉండే కాలువలోకి చేరి, సన్నటి గొట్టాల గుండా బండి కిందికి పోవాలి. చాలా మోడళ్లలో ఆ గొట్టాల మూతి సీట్ల వెనక ఉంటుంది. ఆవిడ బండిలో అది ఎండుటాకులతో, మట్టితో బిగుసుకుపోయి ఉంది. పోయే దారి లేక నీళ్లు బండి లోపలికి పొర్లుతున్నాయి. జబ్బు ఒకచోట, మేం మందు పూసింది ఇంకోచోట. ఆవిడ డబ్బులు తిరిగి ఇచ్చేశాం.

అందుకే ఇప్పుడు "టాప్ కారుతోంది" అని ఎవరు వచ్చినా, గుడ్డ ముట్టుకోకముందే రెండు వైపులా కాలువల్లో నెమ్మదిగా నీళ్లు పోసి, బండి కింద పడుతున్నాయో లేదో చూస్తున్నాం. తర్వాత కిటికీ అద్దానికీ రబ్బరుకూ మధ్య కాగితం ముక్క పెట్టి, అద్దం మూసి లాగుతాం. కాగితం బిగుతుగా రాకుండా సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు అరిగిపోయిందనో, అద్దం సరిగ్గా ఆనడం లేదనో అర్థం. ఈ రెండూ చూశాకే టాప్ మాట. నీళ్లు పోయే ఆ గొట్టం మూసుకుంటే దయచేసి ఇంట్లో ఇనుప తీగతో పొడవకండి. గొట్టం చిరిగినా, ఊడినా బాగుచేయడం అసలు సమస్య కన్నా పెద్ద పని.

రెండు రాత్రులు ఏం చేస్తారని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. అందులో ఎక్కువ సేపు ఆరబెట్టడమే. ముందు పొడిగా ఉన్నప్పుడే దుమ్ము దులిపి వాక్యూమ్ చేస్తాం, లేకపోతే నీళ్లు తగలగానే అదంతా బురదై నేతలోకి దిగుతుంది. నీడలో, టాప్ చల్లగా ఉన్నప్పుడు మొత్తం తడిపి, గాఢత లేని క్లీనర్‌తో మెత్తటి బ్రష్ వాడి నేత వెంట రుద్దుతాం. మరక ఒక్కచోటే ఉన్నా టాప్ మొత్తం కడగాల్సిందే. ఆ ఒక్క చోటే కడిగితే ఆరాక చుట్టూ గీత గీసినట్టు మచ్చ మిగులుతుంది. ఆ తర్వాత కడగడం, మళ్లీ కడగడం. తెల్ల టవల్ తడి గుడ్డ మీద గట్టిగా అదిమి తీస్తే దాని మీద నురగ గానీ జిగట గానీ ఉండకూడదు. నేనే స్వయంగా కుట్ల మీద అదిమి చూస్తున్నాను. కుర్రాడికి నా మీద నమ్మకం కుదిరేదాకా ఈ పని నాదే.

ఆ రాత్రంతా టాప్ మూసి, బిగించి, ఫ్యాన్ గాలికి వదిలేస్తాం. తెల్లారి కుట్ల మీద టిష్యూ పేపర్ నొక్కితే పొడిగా రావాలి. అప్పుడు అద్దాలకూ పెయింట్‌కూ కవర్ కట్టి, జానెడు దూరం నుంచి ఒక పలచటి కోటు, అది ఆరాక అడ్డంగా ఇంకోటి. చిక్కగా ఒకేసారి కొడితే తెల్లగా పేరుకుంటుంది. ప్లాస్టిక్ వెనక అద్దం ఉన్న బండ్లలో కవర్ కట్టడం మరీ ముఖ్యం. ఒకసారి తుంపర పడి అద్దం మసకబారితే మా ఖర్చుతోనే కొత్తది వేయించాం. రెండో రాత్రి స్ప్రే పట్టుకోవడానికి.

స్ప్రే కూడా మార్చాం, ఇది దాచడం నాకు ఇష్టం లేదు. పాతది ఫ్లోరిన్ రకం. అది నీళ్లనూ జిడ్డునూ రెండిటినీ ఆపేది, కానీ ఆ రసాయనాలు మట్టిలో, నీళ్లలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. కొత్తది ఫ్లోరిన్ లేనిది. నీళ్లను బాగా ఆపుతుంది, జిడ్డును ఆపలేదు. కాబట్టి గ్రీజు చేతులతో టాప్ మడవకండి. పక్షి రెట్ట పడితే రుద్దకుండా, తడి గుడ్డ కాసేపు కప్పి ఉంచి మెల్లగా ఎత్తేయండి.

ఇంట్లో మేమే చేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా చేసుకోవచ్చు. ఓపికా, ఎండా ఉంటే చాలు. స్ప్రే మాత్రం గాలి ఆడే చోట, మాస్క్ పెట్టుకుని కొట్టండి, ఆ తుంపర ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్లీచ్ వద్దు, దారాన్ని తినేస్తుంది. డ్యాష్‌బోర్డుకు మెరుపు తెచ్చే సిలికాన్ స్ప్రే వద్దు. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొట్టొద్దు. నేసిన గుడ్డ కాకుండా పైన ప్లాస్టిక్ పొర ఉండే వినైల్ టాప్ అయితే ఇదేదీ వర్తించదు, దానికి వేరే మందులు. తడి టాప్ మడవకండి. దారిలో తప్పక మడవాల్సి వస్తే ఇంటికి రాగానే తెరిచి ఆరనివ్వండి.

పై గుడ్డ అరిగి రబ్బరు కనిపిస్తున్నా, పొరలు విడి బుడగల్లా ఉబ్బినా మా దగ్గర మందు లేదు. అది టాప్ మార్చే పని, మాకు రాదు. వెలిసిన రంగు కూడా వాటర్‌ప్రూఫింగ్‌తో తిరిగి రాదు.

మా దగ్గర అదే రోజు చేయించుకుని వెళ్లినవాళ్లు ఒక మగ్గు నీళ్లు టాప్ మీద పోసి చూడండి. బొట్లుగా నిలిచి జారిపోతే ఏ ఇబ్బందీ లేదు. గుడ్డ నల్లబడి తడి పాకుతుంటే ఫోన్ చేయండి. ఈ మధ్యే చేయించుకున్నవాళ్లకు మొదటి నుంచి మళ్లీ చేస్తాం, డబ్బులు తీసుకోం. వచ్చేటప్పుడు డిక్కీలో అవసరమైన సామానేదైనా ఉంటే తీసేసుకోండి, రెండు రోజులూ బండి కదల్చం.