ప్రేయర్ చెయిన్ ఎందుకు ఆగిపోయిందో కూడా రాయాల్సింది

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం అనుబంధంలో తొంభైల నాటి అమెరికన్ రాక్ మీద వచ్చిన వ్యాసం బాగుంది, కానీ క్రైస్తవ బ్యాండ్లన్నిటినీ ఒకే పేరాలో చుట్టేసి, అవన్నీ ప్రచారం కోసం పుట్టి రెండు మూడేళ్లలో కనబడకుండా పోయినట్టు తేల్చేయడం మాత్రం నచ్చలేదు. కనబడకుండా పోయినవి చాలానే ఉన్నాయి. ఎందుకు పోయాయో చెప్పడానికి ది ప్రేయర్ చెయిన్ అనే బ్యాండ్ ఒక్కటి చాలు, ఆ పేరే మీ వ్యాసంలో లేదు.

దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు నలుగురు. టిమ్ టేబర్ పాడతాడు, ఆండీ ప్రికెట్ గిటార్, ఎరిక్ కాంపుజానో బేస్, వేన్ ఎవెరెట్ డ్రమ్స్. వీళ్లను తీసుకున్నది నాష్‌విల్‌లోని రీయూనియన్ రికార్డ్స్, అంటే మైకేల్ డబ్ల్యూ. స్మిత్ లాంటి నున్నటి పాప్ గాయకుడి రికార్డులు అమ్మిన కంపెనీ. ది క్వైర్ బ్యాండ్ డ్రమ్మర్ స్టీవ్ హిండలాంగ్ నిర్మాణంలో 1993లో వీళ్ల ఆల్బమ్ 'షాల్' వచ్చింది. అప్పటికి సియాటిల్ నగరం నుంచి వచ్చిన గ్రంజ్ రాక్ గిటార్ల మోత దేశమంతా వినిపిస్తోంది కాబట్టి, చర్చికి వెళ్లే పిల్లలకీ అలాంటిదొకటి ఇస్తే అమ్ముడుపోతుందని కంపెనీ లెక్క వేసుకుని ఉంటుంది. కానీ 'షాల్'లో కోపం అద్దెకు తెచ్చుకున్నట్టు ఉండదు, విన్నవాళ్లకి తెలుస్తుంది.

అసలు గొడవ 1995లో వచ్చిన ఆల్బమ్ 'మెర్క్యురీ'తో. పాటలు నెమ్మదించాయి, డ్రమ్స్ ముందుకొచ్చాయి, గొంతు ఎక్కడో వెనక నుంచి వినిపిస్తుంది, ధైర్యం చెప్పే మాట కోసం వెతికితే సందేహమే ఎక్కువ దొరుకుతుంది. వాళ్లు ముందు ఇచ్చిన రూపాన్ని కంపెనీ ఒప్పుకోలేదు, మార్పులు చేయించాకే విడుదల చేసింది. అదే ఏడాది బ్యాండ్ విడిపోయింది. కంపెనీని విలన్ చేయడం తేలిక (అభిమానులు చేశారు కూడా), కానీ ఆ కంపెనీ రికార్డులు అమ్మే దుకాణాలు ఎలాంటివో చూడండి: ఆ రోజుల్లో క్రైస్తవ రికార్డులు ఎక్కువగా అమ్ముడైంది బైబిళ్లు, గ్రీటింగ్ కార్డులు దొరికే క్రైస్తవ పుస్తకాల షాపుల్లో, అక్కడ చాలాసార్లు డబ్బు తీసేది పిల్లాడు కాదు, వాళ్లమ్మ. ఆవిడ చేతిలో 'మెర్క్యురీ' పెట్టి ఏం చెబుతాడు సేల్స్‌మన్?

పైగా 1995 దాకా ఆ షాపుల అమ్మకాలు సౌండ్‌స్కాన్ అనే రికార్డు అమ్మకాల లెక్కలోకి రాలేదు, బిల్‌బోర్డ్ పత్రిక ప్రధాన చార్టులు నడిచేది ఆ లెక్క మీదే, కాబట్టి బయటి ప్రపంచానికి ఈ బ్యాండ్లు ఉన్నట్టే తెలిసేది కాదు. ఇటు మామూలు రాక్ వాళ్లకి వీళ్లు బోధకులు, అటు చర్చి వాళ్లకి వీళ్ల మీద అనుమానం. దారి పూర్తిగా మూసుకుపోయిందని అనను. అదే 1995లో జార్స్ ఆఫ్ క్లే అనే ఇంకో క్రైస్తవ బ్యాండ్ తొలి ఆల్బమ్ వచ్చింది, అందులోని 'ఫ్లడ్' మామూలు రాక్ రేడియోలోకి వెళ్లింది, ఆల్బమ్ ఇరవై లక్షలు దాటి అమ్ముడైంది. తర్వాత సిక్స్‌పెన్స్ నన్ ది రిచర్ అనే బ్యాండ్ పాట 'కిస్ మీ' బిల్‌బోర్డ్‌లో రెండో స్థానం దాకా పోయింది. అవి ఒక్కసారి వింటే నోట్లో ఆడే బాణీలు. 'మెర్క్యురీ' అలా కాదు, నాలుగైదు సార్లు వినాలి, ఆ ఓపిక ఏ రేడియో స్టేషన్‌కీ ఉండదు. 1993లో కాలిఫోర్నియాలోనే బ్రాండన్ ఈబెల్ పెట్టిన టూత్ అండ్ నెయిల్ లాంటి చిన్న కంపెనీలో ప్రేయర్ చెయిన్ వాళ్లు ఉండి ఉంటే ఇంకో రెండు ఆల్బమ్‌లు వచ్చేవని నా నమ్మకం, కాకపోతే వాళ్లలో వాళ్లకే విసుగొచ్చి ఉంటే దానికి ఏ కంపెనీ మందివ్వదు లెండి.

విడిపోయాక కూడా వాళ్లు సంగీతం మానలేదు. కాంపుజానో, ఎవెరెట్ కలిసి ది లాసీ ఫౌండేషన్‌లో వాయించారు, 'కుష్' అనే ఇంకో బృందంలోనూ పాతవాళ్లు కలిశారు. ప్రచారం కోసమే పుట్టినవాళ్లయితే రికార్డు ఒప్పందం పోయాక ఇంత పని ఎందుకు పెట్టుకుంటారు?

మీ వ్యాసకర్తకి నాదొక మనవి. 'మెర్క్యురీ'తో మొదలుపెట్టొద్దు, విసిగిపోతారు. ముందు 'షాల్' వినండి, పెద్ద సౌండుతో.

ఇట్లు,
మీ పాఠకుడు