గాజా ఎక్కడ, వైజాగ్ ఎక్కడ?

ఎడిటర్ గారికి,

గాజాలో యుద్ధం ఆపాలంటూ ఆ మధ్య మేం నలభై మందిమి విశాఖలో జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర నిలబడ్డాం. పర్మిషన్ కోసం మూడు రోజులు తిరిగితే గంట టైమిచ్చారు, మైకు మాత్రం వద్దన్నారు. అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్న నినాదాలు వానకి కారిపోయి ఎరుపూ నలుపూ కలిసిపోయాయి, అయినా ఎవరూ దించలేదు. ఒకాయన ఆటో ఆపి, 'ముందు మన స్టీల్ ప్లాంట్ సంగతి చూడండి' అన్నాడు. మాలో సగం మంది ప్లాంటు ప్రైవేటీకరణ వద్దంటూ జరిగిన దీక్షల్లో కూర్చున్నవాళ్లేనని చెప్పేలోపే వెళ్లిపోయాడు!

సంబంధం లేకేం? 2024 ఫిబ్రవరిలో 11 మేజర్ పోర్టుల్లో 3,500 మంది కార్మికులున్న జల రవాణా కార్మికుల ఫెడరేషన్, ఇజ్రాయెల్‌కి వెళ్లే ఆయుధాల సరుకు ఎక్కించం, దించం అని ప్రకటించింది. పోర్టు కార్మికుడు వద్దంటే క్రేన్ ఆగుతుంది, మా అట్టముక్కలకి ఆ బలమెక్కడిది?

అసలు నా గొడవ మావాళ్లతోనే. డిమాండ్ ఒకటే, కానీ ఒక పార్టీ సోమవారం, ఇంకోటి బుధవారం, విద్యార్థి సంఘం శనివారం, ఎవరి జెండా వాళ్లది. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్‌లో లక్షల మంది రోడ్డెక్కారంటే, వామపక్షాలూ అణ్వాయుధ వ్యతిరేకులూ ముస్లిం సంఘమూ కలిసి పిలుపిచ్చారు కాబట్టే. యుద్ధం ఆగలేదు, నిజమే. ఈసారైనా పోర్టు యూనియన్ వాళ్లని పిలిచి, అందరం ఒకే తారీఖు ఖాయం చేసుకుందాం, జెండాల సంగతి తర్వాత.

- ఒక రిటైర్డ్ టీచర్, గాజువాక