వీఎఫ్‌డీలు కొనే ముందు సంప్ దగ్గర కాసేపు నిలబడరా

రవీ,

నీ ఉత్తరం అందింది. మురుగునీటి పంపింగ్ స్టేషన్ నీ చేతికి వచ్చిందని చదివి చాలా సంతోషించాను. కరెంటు బిల్లు తగ్గించమని పైవాళ్లు వెంటపడుతున్నారనీ, పంపులన్నిటికీ వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని తగ్గించే, పెంచే డ్రైవ్‌లు) బిగిస్తే సగం ఖర్చు మిగులుతుందని ఎవరో చెప్పారనీ రాశావు. తొందరపడకు. వీఎఫ్‌డీ మంచి వస్తువే, కానీ నీ స్టేషన్‌లో అది ఎంత మిగులుస్తుందో లెక్క వేయకుండా ఎవరూ చెప్పలేరు. ఆ లెక్క నువ్వే వేసుకోవచ్చు.

ముందు నెలకి ఎన్ని యూనిట్లు కాలాయన్నది పక్కన పెట్టు. వానలు పడితే మురుగు ఎక్కువ వస్తుంది, యూనిట్లూ పెరుగుతాయి. అందులో పంపు తప్పేముంది? వెయ్యి ఘనమీటర్లు తోడడానికి ఎన్ని యూనిట్లు పట్టాయన్నదే అసలు సంఖ్య. వెయ్యి ఘనమీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తడానికి ఎంత గొప్ప పంపుకైనా కనీసం 2.7 యూనిట్లు కావాలి. 15 మీటర్లకైతే దాదాపు 41. నీ పంపు ఎంత తింటోందో దీని పక్కన పెట్టి చూడు.

ఫ్లో మీటర్ లేదని దిగులుపడకు, సంపే, అంటే మురుగు వచ్చి చేరే ఆ గుంతే, నీకు కొలపాత్ర. పంపు ఆపి, అయిదు నిమిషాల్లో మట్టం ఎంత పెరిగిందో చూడు. తర్వాత పంపు వేసి, అయిదు నిమిషాల్లో ఎంత దిగిందో చూడు. సంప్ వైశాల్యం 20 చదరపు మీటర్లనుకుందాం. ఆపినప్పుడు 30 సెంటీమీటర్లు పెరిగితే 6 ఘనమీటర్లు వచ్చినట్టు. నడిపినప్పుడు 60 దిగితే 12. లోపలికి వస్తూనే ఉన్న ఆ 6 కూడా పంపే తోడింది కాబట్టి మొత్తం 18, అంటే గంటకి 216 ఘనమీటర్లు. ఆ సమయంలో మోటారు 18 కిలోవాట్లు లాగుతుంటే వెయ్యి ఘనమీటర్లకి 83 యూనిట్లు. మొత్తం హెడ్, అంటే నీటిని ఎత్తే ఎత్తూ పైపు రాపిడీ కలిపి, 15 మీటర్లయితే ఆ కనీసానికి రెట్టింపు కాలుతోందన్నమాట. రాక నిలకడగా ఉన్న వేళ చూసి, రెండు మూడుసార్లు కొలిచి సగటు తీసుకో. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను రా: కొలతంతా పైనుంచే. ఎవరినీ సంప్‌లోకి దింపకు. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని నిమిషాల్లో పడగొట్టేస్తుంది.

ఇలా ప్రతి పంపునీ విడిగా కొలువు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పంపులే అయినా తేడా కనిపిస్తుంది. ఇంపెల్లర్‌కి (పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రానికి) గుడ్డపీలికలు చుట్టుకుని ఉండొచ్చు, దాని చుట్టూ సందు తగ్గించే వేర్ రింగ్ అరిగిపోయి ఉండొచ్చు. చాలామంది ఆంపియర్లు చూసి పంపు బాగానే ఉందనుకుంటారు. గుడ్డ అడ్డుపడి నీళ్లు తగ్గినప్పుడు ఆంపియర్లు కూడా తగ్గొచ్చు, చూసేవాళ్లకి అది పొదుపులా కనిపిస్తుంది! ఆగి ఉన్న పంపు నాన్ రిటర్న్ వాల్వ్ (నీటిని వెనక్కి రానివ్వని వాల్వ్) సరిగా మూసుకోకపోతే ఎత్తిన నీళ్లు దాని గుండా మళ్లీ సంప్‌లోకే వస్తాయి. చెవి పెట్టి వింటే ఒక్కోసారి ఆ చప్పుడు తెలిసిపోతుంది.

ఇక వీఎఫ్‌డీ సంగతి. వేగం 80 శాతానికి తగ్గిస్తే పవర్ సగం అవుతుందని అమ్మేవాళ్లు చెప్తారు. ఎత్తు దాదాపు లేకుండా అంతా పైపు రాపిడే ఉన్న చోట అది నిజం. నీ 15 మీటర్లలో 12 మీటర్లు స్టాటిక్ హెడ్ (నీటిని నిజంగా ఎత్తవలసిన ఎత్తు) అనుకో, 3 మీటర్లు ఫ్రిక్షన్ (పైపు రాపిడి). ఫ్లో సగం చేస్తే ఫ్రిక్షన్ నాలుగో వంతుకి, అంటే 0.75కి దిగుతుంది. స్టాటిక్ మాత్రం అంగుళం కదలదు. మొత్తం 12.75, అంటే హెడ్‌లో తగ్గింది 15 శాతమే. అందులోంచే డ్రైవ్ తన వంతు కొంత తింటుంది. పంపు తనకు అనువైన పాయింట్ నుంచి పక్కకి జరిగితే ఇంకొంత పోతుంది. అదే 3 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల ఫ్రిక్షన్ ఉన్న పొడవాటి లైన్ అయితే మొత్తం హెడ్ 6కి పడిపోతుంది. అక్కడ వీఎఫ్‌డీ కళ్లు మూసుకుని పెట్టొచ్చు.

మరీ తగ్గించినా ప్రమాదమే. వాల్వ్ మూసినప్పుడు 22 మీటర్ల హెడ్ ఇచ్చే పంపు 70 శాతం వేగంలో 10.8 మీటర్లే ఇస్తుంది. 12 మీటర్ల ఎత్తుకి చుక్క కూడా వెళ్లదు. మోటారు తిరుగుతుంది, మీటరు తిరుగుతుంది, నీరు కదలదు. కొంచెం వెళ్లినా లైన్‌లో వేగం చాలక ఇసుక పేరుకుంటుంది. కాబట్టి ఒక్కో వేగంలో వెయ్యి ఘనమీటర్లకి ఎన్ని యూనిట్లో కొలిచి, తక్కువ వచ్చిన చోట ఆగు.

నేనైతే పైసా ఖర్చు లేనిదానితో మొదలుపెడతాను. స్టార్ట్, స్టాప్ లెవెల్స్ పైకి జరుపు. సంప్ మట్టం సగటున ఒక మీటరు పైన ఉంటే ఎత్తవలసింది ఒక మీటరు తగ్గుతుంది, 15లో అది 6, 7 శాతం. వచ్చే మురుగు కాలువలోకి వెనక్కి ఎగదన్నకుండా, మోటారుకి గంటకి ఎన్ని స్టార్టులు అనుమతో అది దాటకుండా చూసుకో. రోజుకోసారి అడుగుదాకా తోడించు, లేకపోతే జిడ్డు తెట్టు కడుతుంది. ఒక పంపు సరిపోయేప్పుడు రెండోది వేయొద్దు. ఒకే లైన్‌లోకి రెండు కలిపి తోస్తే నీళ్లు రెట్టింపు కావు, రాపిడి మాత్రం పెరుగుతుంది.

కొలతలు తీశాక లెవెల్స్, కిలోవాట్లు, సంప్ వైశాల్యం, లైన్ పొడవు నాకు పంపు. డ్రైవ్‌లకి ఆర్డర్ పెట్టే లోపు ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ,
శేఖర్