గోదాములో ఒక పరదా

కొడుకా,

ఫోన్ చేస్తే "గిరాకీ ఉందమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మొన్న వరంగల్ చౌరస్తాలో నీ షాపులో కూర్చున్నప్పుడు, కాన్పయి మళ్లీ పనికొచ్చిన ఆ పిల్లను చూశాను. పదకొండింటికి చున్నీ రెండు మడతలేసి ముందుకు లాక్కుంది. పట్టుచీర పరుస్తూనే మోచేత్తో ఎద ఒత్తుకుంటోంది. పది నిమిషాలు అడిగితే నువ్వు "పెళ్లిళ్ల సీజన్‌లనా?" అన్నావు. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు తెలుసు.

నువ్వు అయిదు నెలల పిల్లగానివి. నేను హుజూరాబాద్‌లో ఒక ప్రైవేట్ దవాఖానలో చిట్టీలు రాసేదాన్ని. నా కుర్చీ వెనకే గోడకు 'తల్లిపాలే బిడ్డకు అమృతం' అని పెద్ద బొమ్మ. మీ నాయనమ్మ నిన్నెత్తుకుని గేటు దాకా వస్తే, "ఇది దవాఖాననా, మీ ఇల్లా?" అని పెద్దసారు అందరి ముందు అన్నాడు. మర్నాటి నుంచి నేనే రావద్దన్నాను. ఓపీలో ఏ పసిబిడ్డ ఏడ్చినా నాకు పాలు చేపుకొచ్చేవి. బాత్రూంలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో పిండి మోరీలో పారబోసేదాన్ని. ఒకసారి గడ్డకట్టి జ్వరమొచ్చింది. ఏడో నెలకల్లా పాలు ఎండిపోయాయి. నువ్వు డబ్బాపాల మీద పెరిగావు. బాగానే పెరిగావనుకో, నా బాధ దానికి కాదు.

లాయరు దగ్గర గుమాస్తా కదా, మీ మేనమామను అడిగాను. 1961 ప్రసూతి చట్టంలోనే ఉందట. పదిమంది, ఆపైన పనిచేసే షాపుల్లో, బిడ్డకు 15 నెలలు నిండేదాకా, అన్నం వేళ కాకుండా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి వదలాలి. దానికి జీతం కోయొద్దు. దాని బదులు వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ రెండుసార్లు అట్లాగే ఉన్నాయి. నీ దగ్గర 14 మంది. 50 మంది ఉంటే పనిచేసేవాళ్ల పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా పెట్టాలి. అది నీకు లేదు, సంతోషపడకు.

ఇంకో ముచ్చట. ఆ పిల్లకు ఇదే మొదటి కాన్పు, బిడ్డకు మూడు నెలలేనట. సెలవు 26 వారాలు కదా. ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకున్నా 18 మిగలాలి. మరి అప్పుడే పనికెట్లా వచ్చింది? ఇది ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని అడుగుతాను.

వాళ్లది రంగశాయిపేట. అత్త బిడ్డను ఆటోలో తీసుకొస్తానందట, నువ్వు ఊ అంటే చాలు. గోదాములో అట్టపెట్టెలు ఓ పక్కకు జరిపి కుర్చీ, ఫ్యాను పెట్టించు. బిడ్డ రాని రోజు పిండుకుంటుంది, కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చెయ్యి.

ఆదివారం వస్తాను. పరదాకు మూడు మీటర్ల బట్ట కోసి పెట్టు, మందంది, అవతలి మనిషి కనబడనిది. నేనే కుడతాను.

మీ అమ్మ