ముడి విప్పి వేయండి: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక కాస్త చెత్తగా ఉంటుంది, ముందే చెప్తున్నాను. వినాయక చవితి, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి, పార్కు బోరు మోటారు రెండుసార్లు కాలిపోతే రెండోసారి కొత్తదే కొన్నాం, జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డులో ఉంది. ఏడాదంతా మన టైమూ ఓపికా తిన్నది మాత్రం పొడి చెత్తే.

కిందటేడు జనరల్ బాడీలో నేనే లేచి మాట్లాడాను, గుర్తుండే ఉంటుంది. "ఇప్పుడు అన్నీ మెషీన్లే ఏరేస్తున్నాయి, కెమెరా చూస్తుంది, రోబో చెయ్యి తీస్తుంది, ఇంకా ఇంట్లో రెండు బుట్టలు పెట్టుకుని మనకీ తంటా ఎందుకు" అన్నాను. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జూలైలో ఉత్సాహంగా 18 గోనె సంచుల పొడి చెత్త పోగేసి సేకరణ కేంద్రానికి పంపాం కదా, అక్కడ పనిచేసే ఆవిడ మూడు సంచులు విప్పి చూసి మిగతావి ముట్టుకోకుండానే తిప్పి పంపేసింది. తప్పు ఆమెది కాదు. ఆటోలో నేనూ వెళ్లాను కాబట్టి కళ్లారా చూశాను. మొదటి సంచిలో పేపర్ల మధ్య సగం తిన్న బిర్యానీ డబ్బా, సాలన్ కారిపోయి పేపర్లన్నీ అట్ట కట్టేశాయి. రెండోదాంట్లో డైపర్లు. మూడోదాంట్లో క్యారీబ్యాగు, దాని లోపల ఇంకో క్యారీబ్యాగు, దానికి మూడు ముళ్లు, పళ్లతో కొరికినా ఊడేలా లేవు, చివరికి చింపితే లోపల తోటకూర కాడలు. "సార్, ఇది పొడి చెత్తా?" అని అడిగింది. ఏం చెప్పాలి?

జనవరిలో మన కాలనీ నుంచి 11 మందిమి ఉజ్జయిని, ఓంకారేశ్వరం యాత్రకు వెళ్లాం (సొంత ఖర్చే, సంఘం డబ్బు ఒక్క రూపాయి ముట్టలేదు, అడిగినవాళ్లున్నారు కాబట్టి రాస్తున్నా). ఆ రెంటికీ నడుమ ఇండోర్. ఊళ్ల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017 నుంచి వరుసగా ఏడుసార్లు మొదటి ర్యాంకు కొట్టిన ఊరు, చూడకుండా ఎలా వస్తాం? అందరూ సరాఫా బజార్‌లో రాత్రి తిండి చూద్దామంటే, నేను దేవ్‌గురాడియాలో చెత్త ఏరే ప్లాంటు చూద్దామన్నాను. ఒక సభ్యుడి బావమరిది మాట సాయంతో రెండూ కుదిరాయి.

రోజుకు 300 టన్నుల పొడి చెత్త ఏరే సామర్థ్యం ఉన్న ప్లాంటు అది. ఇలాంటి చోట పెద్ద డ్రమ్ము లాంటి జల్లెడ గిరగిరా తిరుగుతూ మట్టీ చిన్నా చితకా ముక్కలూ కిందికి రాల్చేస్తుంది, అయస్కాంతం ఇనుమును లాగేసుకుంటుంది. అసలు తమాషా ఆ తర్వాత. బెల్టు మీద పోయే చెత్త మీద కంటికి కనబడని పరారుణ కాంతి వేస్తారు, నీళ్ల బాటిల్ ప్లాస్టిక్ ఒక రకంగా, పాల కవర్ ప్లాస్టిక్ ఇంకో రకంగా దాన్ని వెనక్కి కొడతాయి, అందులో తేడాని బట్టి కంప్యూటర్ ఇది ఫలానా అని పోల్చుకుని, బెల్టు చివర సన్నటి గొట్టాల్లోంచి ఠప్పుమని గాలి వదిలి ఆ బాటిల్‌ని మాత్రం ఎగరగొట్టి పక్క అరలో పడేస్తుంది. రెప్ప వేసి తెరిచేలోపు.

ఇంత తెలివైన మెషీనుకీ ముడేసిన కవర్ లోపల ఏముందో తెలీదు. దానికి పైనున్న కవరే కనబడుతుంది. తడిసిన చెత్తయితే నీళ్లు ఆ కాంతిని పీల్చేస్తాయి, లెక్క తప్పుతుంది. పార్సిల్‌లో వచ్చే నల్ల డబ్బాలైతే ఇంకా ఘోరం, నలుపు కోసం కలిపే కార్బన్ కాంతిని మింగేస్తుంది, కాంతితో పోల్చుకునే మామూలు మెషీను లెక్కలో అక్కడ ఏమీ లేనట్టే. అందుకే మెషీన్లున్నా బెల్టు పక్కన గ్లౌజులు వేసుకుని ఏరే మనుషులు కావాలి. మాతో వచ్చిన మూడో వీధి పెద్దావిడ ఒక్క మాటలో తేల్చేసింది: "బియ్యంలో రాళ్లేరినట్టే కదా నాయనా, బియ్యం తడిపి పోస్తే ఎవరు మాత్రం ఏరతారు?"

ఇంకోటి, ఆ ఊళ్లో బండికే అరలు వేరువేరుగా ఉంటాయి, చెత్త ఇంటి గుమ్మం దగ్గరే విడిపోతుంది. తడి చెత్తకు వేరే ప్లాంటు ఉంది, రోజుకు 550 టన్నుల సామర్థ్యం, 2022 ఫిబ్రవరిలో మొదలైంది, దాంట్లో వచ్చే గ్యాస్‌తో సిటీ బస్సులు తిప్పుతారు. మనకూ 2015లో హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఇంటికి రెండు బుట్టలు ఇచ్చింది, ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి. ఇప్పుడు మన కాలనీలో సగం నీలం బుట్టల్లో తులసి మొక్కలున్నాయి. మా ఇంట్లోదీ అంతే.

ఇద్దరు సభ్యులు చెత్తను గుర్తుపట్టే ఏఐ బుట్ట ఒకటి గేటు దగ్గర పెడదామన్నారు. కమిటీ వద్దనుకుంది. మాకు చూపించిన మోడల్‌లో ఒక్కో వస్తువే వేయాలి, పొద్దున ఏడు గంటలకు 200 ఇళ్లవాళ్లు వరుస కడితే రేషన్ షాపు క్యూ మేలనిపిస్తుంది. ఆ డబ్బుతో రెండు తూకం మెషీన్లు, గోనె సంచులు కొన్నాం.

ఫిబ్రవరి నుంచి పొడి చెత్త బుధ, శనివారాల్లోనే తీసుకుంటున్నాం. డబ్బాలు ఒక్కసారి కడిగి ఆరబెట్టి, ముడి వేయకుండా విడిగా ఇవ్వండి. బాటిల్ మూత బిగించే ఇవ్వండి, విడిగా వేస్తే జల్లెడలో రాలిపోయి మట్టితో పోతుంది. చిప్స్ ప్యాకెట్లు ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపి చేసినవి, విడదీయడం కష్టం, చాలావరకు సిమెంటు ఫ్యాక్టరీల్లో మండించడానికే పోతాయి, అయినా విడిగా ఇస్తే చాలు. డైపర్లూ ప్యాడ్లూ పేపర్లో చుట్టి వేరుగా ఇవ్వాలి, ఈ విషయంలో మాత్రం ఎవరి మొహమాటం చూడదలచుకోలేదు.

మార్చిలో 15 సంచులు పంపితే ఒక్కటే వెనక్కి వచ్చింది. అది మా వీధిదే.

పాత ఫోన్లు, పవర్ బ్యాంకుల బ్యాటరీలు దేంట్లోనూ కలపకండి, నలిగితే అంటుకుంటాయి. వాటికి కమ్యూనిటీ హాల్ మెట్ల కింద ఇనుప డబ్బా పెట్టాం, తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి